బక్కోడి లెక్క

మా ఇంట్లో ఒక సాహస పతకం ఉండేది. నలభై రెండేళ్ళు అది నా దగ్గర కొలువు చేసింది.

నేను కుట్టుపని చేస్తాను. గుడ్డ పరిచి, దాని మీద కాగితం నమూనా పెట్టి, సుద్దతో చుట్టూ గీసేటప్పుడు కాగితం కదలకుండా నాలుగు మూలలా బరువులు ఉండాలి. మూడు మూలలకి మూడు పాత తూకపు రాళ్ళు, నాలుగో మూలకి మా ఆయన పతకం. కోటు గుండీకి రెండింతలుండే గుండ్రటి కంచు బిళ్ళ. ఒకవైపు కత్తి, రెండోవైపు ఏదో చెట్టుకొమ్మ. రిబ్బను పెళ్ళైన మూడో ఏడే చీకిపోతే కత్తిరించి పారేశాను. పైనున్న కొక్కెం గుడ్డని పట్టి లాగుతోందని పటకారుతో ఊడబీకాను. వచ్చేపోయేవాళ్ళు చూసి, "అయ్యయ్యో, దేశం ఇచ్చింది కదమ్మా!" అని నొచ్చుకునేవాళ్ళు. "ఇచ్చింది దేశమే, దుమ్ము దులిపేది మాత్రం నేనే" అనేదాన్ని. ఇన్ని చేసినా మా ఆయన పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని కూడా నాకు ఉండేది, ఎందుకంటే మాట్లాడని మనిషితో పోట్లాడటం చాలా శ్రమ.

యుద్ధంలో ఆయన రెక్కీ దళంలో ఉండేవాడు. అంటే సైన్యం కంటే ముందుగా వెళ్ళి, శత్రువు ఎక్కడున్నాడు, ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఫిరంగులు పెట్టుకున్నారు అని చూసి, తుపాకీ పేల్చకుండా, ఎవరి కంటా పడకుండా తిరిగి వచ్చి చెప్పడం. నన్నడిగితే అది దొంగతనంలో సగం పని. దూరడం ఉంది, చూడటం ఉంది, ఎత్తుకు రావడం ఒక్కటే లేదు.

యుద్ధం అయ్యాక నీటి మీటర్లు చూసే ఉద్యోగం దొరికింది. ఆయన కోసమే పుట్టిన ఉద్యోగం అది. ముప్ఫై ఏళ్ళు ఇంటింటి పెరట్లోకీ వెళ్ళి మీటరు చూసి వచ్చాడు, ఒక్కనాడూ ఒక్క తలుపూ కొట్టలేదు. కుక్కలు కూడా మొరిగేవి కావు. మా సొంత ఇంట్లోకి కూడా ఇప్పటికీ దొడ్డిదారినే వస్తాడు. వెనక్కి తిరిగేసరికి కుర్చీలో కూర్చుని ఉంటాడు, నా గుండె గుభేలుమంటుంది.

అంతటి వేగుకి రానిది ఒక్కటే, లెక్క. మీటరు మీద అంకెలుంటే చదవగలడు. తనంతట తాను ఏదైనా లెక్కపెట్టాడంటే తప్పే. డజను గుండీలు తెమ్మంటే పదకొండు తెస్తాడు. మా మేడ మెట్లు నాకెప్పుడూ పద్ధెనిమిదే, ఆయనకి రోజుకొక రకం. పతకంతో పాటు వచ్చిన కాగితంలో ఏమని ఉంటుందంటే, ఒంటరిగా నది దాటి వెళ్ళి, శత్రువు ఫిరంగులు పద్నాలుగని సరిగ్గా లెక్కపెట్టి తెచ్చి సైన్యాన్ని కాపాడినందుకు ఈ పతకం అని. అది చదివినప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు. "మీరు? సరిగ్గా? లెక్కపెట్టి?" అని ఎన్నివందల సార్లు వేళాకోళం చేశానో. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు.

ఇలా గడిచిపోతుండగా మా పేట సమావేశ మందిరానికి కొత్త పైకప్పు వేశారు. పైకప్పు వేశాక పండగ చేయాలి కదా. మందిరం సంఘానికి ఒక అధ్యక్షుడున్నాడు. జుట్టుకి నల్లరంగు, కంఠానికి మైకు లేకుండా బయటికి రాడు. ఆయనకి హఠాత్తుగా మా ఆయన గుర్తొచ్చాడు. ప్రారంభోత్సవం రోజున పేట వీరుడికి సన్మానం, అధ్యక్షుల వారి చేతుల మీదుగా పాత పతకాన్నే మళ్ళీ ఛాతీకి తగిలించడం, ఫొటోలు. పేపర్లో మా ఆయన బొమ్మ కూడా వేయించాడు. వీరుడి భార్య కుట్టిన తెర అయితే ఇంకా రక్తి కడుతుందని, వేదిక తెర పని నాకు అప్పగించాడు.

ముదురు ఎరుపు మఖమలు, రెండు భాగాలు, ఒక్కోటి ఏనుగంత బరువు. తెర తిన్నగా వేలాడాలంటే కింది అంచు మడతలో బరువులు కుట్టాలి. దానికి నేను ఇనుప వాషర్లు వాడతాను. హార్డ్‌వేర్ షాపులో డజను చొప్పున తీగకి గుచ్చి అమ్ముతారు. ఒక్కో వాషర్‌కీ మందంగా దూది చుట్టి, అంచు మడతలో చిన్న జేబులా మూసి కుట్టేయాలి. దూది చుట్టకపోతే తెర లాగినప్పుడల్లా గణగణమంటుంది. సగానికి రెండు డజన్లు, మొత్తం నాలుగు డజన్లు. కుట్టి పంపించాను, తగిలించారు, బ్రహ్మాండంగా ఉందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

సభ ఆదివారం. గురువారం నాడు ఉత్తరం వచ్చింది.

మా ఆయనకి ఉత్తరాలు రావు. అందుకని నేనే చింపి చదివాను. అక్షరాలు పెద్దపెద్దవి, వణుకుతున్నాయి. "నాయనా, నీ బొమ్మ పేపర్లో చూశాను. నా తమ్ముడు కూడా నీ దళంలోనే ఉండేవాడు. తల్లి పోతే నేనే పెంచాను. ఆచూకీ తెలియలేదు అని ఒక కాగితం వచ్చింది, అంతే. ఆదివారం మీ సభకి వస్తున్నాను. నాకు డెబ్బై ఎనిమిది. మళ్ళీ ఇంత దూరం రాలేను. నీకు తెలిసింది నాకు చెప్పు." కింద సంతకం, ఊరి పేరు.

మా ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు వెతుక్కోవడానికి పావుగంట పట్టింది, అది నెత్తి మీదే ఉంది. చదివాడు. మళ్ళీ చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరండీ ఈ తమ్ముడు?" అన్నాను.

"బక్కోడు."

"బక్కోడెవరు?"

నలభై రెండేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడటం నేను అదే వినడం. మెషిన్ ఆపేసి విన్నాను.

"రెక్కీకి ఎప్పుడూ ఇద్దరే వెళ్ళాలి" అన్నాడు. "ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టాలి. నీకెన్ని, నాకెన్ని అని అక్కడ చెప్పుకోకూడదు. బయటికొచ్చాక కలిపి చూసుకోవాలి. రెండూ ఒకటైతేనే అది లెక్క. కలవకపోతే మళ్ళీ వెళ్ళి చూడాలి. అదీ పద్ధతి."

"మరి కాగితంలో ఒంటరిగా అని ఉందిగా?"

"కాగితంలో ఒక్క పేరుకే చోటుందన్నాడు ఆఫీసరు. శవం లేకుండా చావు రాయడం కుదరదన్నాడు. అందుకని వాడికి ఆచూకీ తెలియలేదని రాశారు. నాకు ఒంటరిగా అని రాశారు."

"మీ ఇద్దరి లెక్కలూ కలిశాయా?"

ఆయన తన చేతులు చూసుకున్నాడు. "నాది పదకొండు. వాడిది పద్నాలుగు."

నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"నది దాటి ఇవతలికి వచ్చేశాం. రెల్లు దుబ్బుల్లో కూర్చుని కలిపి చూసుకున్నాం. కలవలేదు. నీది తప్పురా అన్నాడు వాడు. నీదే తప్పు అన్నాను నేను. పద్ధతి ప్రకారం మళ్ళీ వెళ్ళాం. రెండోసారి వెళ్తుంటే వాడికి తూటా తగిలింది. లాక్కుని ఒడ్డు దాకా తెచ్చాను. నా లెక్కే చెప్పు, పద్నాలుగే, కాదనకు అన్నాడు. అంతే. నీళ్ళు లాక్కెళ్ళిపోయాయి. నేను వచ్చి పద్నాలుగని చెప్పాను. తర్వాత మనవాళ్ళు చూస్తే పద్నాలుగే ఉన్నాయి."

జేబులోని ఉత్తరం తడుముకుంటూ అన్నాడు, "నేను సరిగ్గా లెక్కపెట్టి ఉంటే రెండోసారి వెళ్ళే పనే లేదు."

నా నోరు నాకే చేదుగా అనిపించింది. మీరు సరిగ్గా లెక్కపెట్టారా అని ఈ మనిషిని ఎన్ని వందల సార్లు ఎగతాళి చేశాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ నా నోరు నాది కాబట్టి ఎక్కువసేపు ఊరుకోలేదు.

"ఈ సంగతి ఆవిడకి చెప్పలేదా ఇన్నేళ్ళూ?"

"చెబుదామనే వెళ్ళాను. మూడుసార్లు. గేటు దగ్గర నిలబడి వచ్చేశాను."

"తలుపు కొట్టలేదా?"

"లేదు."

"శత్రువు శిబిరంలోకి దూరిన మనిషికి ఒక ఆడకూతురి తలుపు కొట్టడానికి ధైర్యం చాల్లేదా?"

"శిబిరంలో నన్నెవరూ ఏమీ అడగరు కదే" అన్నాడు.

ఆయన లేచి, "ఆదివారం ఆ బిళ్ళ ఆవిడ చేతిలో పెడతాను. జరిగిందంతా చెబుతాను. అది నాది కాదు, వాడిది. తీసి ఉంచు" అన్నాడు. అలాగేనని తలూపాను. ఆయన నన్ను పెళ్ళైనప్పటి నుంచీ అడిగింది ఆ ఒక్కటే అనుకుంటాను.

ఆయన అటు వెళ్ళగానే కత్తిరింపు బల్ల మీద చూశాను. తూకపు రాళ్ళు మూడున్నాయి. పతకం లేదు. బల్ల కింద చూశాను, గుడ్డముక్కల గోనెసంచీ బోర్లించాను, మెషిన్ సొరుగులు లాగాను, దారపు ఉండల డబ్బా కుమ్మరించాను. శుక్రవారం సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వాషర్లు పెట్టే రేకు డబ్బా తీసి చూస్తే అందులో ఒక వాషర్ ఉంది.

ఒకటి ఉంది. ఉండకూడదు. నాలుగు డజన్ల వాషర్లు కొన్నాను, నాలుగు డజన్ల జేబులు కుట్టాను. అన్ని జేబులూ నిండి ఒక వాషర్ మిగిలిందంటే, ఒక జేబులో వాషర్ కానిదేదో ఉంది.

డబ్బా పట్టుకుని కింద కూర్చుండిపోయాను. దేశం ఇచ్చిన పతకాన్ని దూది చుట్టి తెర అంచులో కుట్టేసిన మహాతల్లి ఎవరైనా ఉందంటే అది నేనే. మా ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. ఉన్న ఒక్క కోరికా నా చేతులారా మూట గట్టి పంపించానని ఎలా చెప్పను? శనివారం పొద్దున్నే కుట్లు విప్పే చిన్న కత్తెర జాకెట్టులో దోపుకుని మందిరం హాలుకి బయల్దేరాను. నేనూ రెక్కీకి వెళ్ళానన్నమాట, కాకపోతే ఒంటరిగా.

వాచ్‌మన్ స్టూలు మీద కునుకు తీస్తున్నాడు.

"అంచు కొంచెం సరిచేయాలి బాబూ" అన్నాను.

"బానే ఉందిగా టైలరమ్మా!"

"నీ కంటికి బానే ఉంటుంది. నా కంటికి వంకర."

వదిలాడు. వేదిక ఎక్కి అంచు పట్టుకుని తడమడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేనే కదా దూది మందంగా చుట్టింది, పైన మఖమలు రెండు మడతలు. బిళ్ళేదో వాషరేదో దేవుడికి కూడా తెలియదు. కొక్కెం ఉంచి ఉంటే అదైనా చేతికి తగిలేది. ఇక విప్పి చూడటం తప్ప దారి లేదు. నలభై ఎనిమిది విప్పాలి. మొదటిదానికి కత్తెర ఆనించానో లేదో, వెనక నుంచి కేక.

"ఏం చేస్తున్నావమ్మా! కొత్త తెర కోస్తున్నావా?"

అధ్యక్షుడు. వెనక మైకు మోసుకుంటూ ఇద్దరు.

"కోయడం కాదండీ, ఒక కుట్టు..."

"రేపు ప్రారంభం! ప్రారంభం కాని తెరకి కత్తెర తగలడం ఎంత అరిష్టం! దిగు, దిగు ముందు!" అని నన్ను గుమ్మం దాకా తోలుకొచ్చి, తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నిజం చెప్పేద్దామా అనుకున్నాను. కానీ ఆ మనిషికి ఒక మాట చెబితే మైకులో చెప్పినట్టే.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వరండాలో కూర్చుని గుండీలు రంగులవారీగా సీసాల్లో పోస్తున్నాడు.

"దొరికిందా?" అన్నాడు తలెత్తకుండా.

"ఏది?"

"తెర అంచులోది."

"మీకెలా తెలుసు?"

"చూశాను కదా. ఒక వాషర్ జారి మెషిన్ కిందికి దొర్లింది. నువ్వు చూడకుండా చెయ్యి చాచి, బల్ల మీది బిళ్ళ తీసి, దూది చుట్టి కుట్టేశావు. ఆ వాషర్‌ని తర్వాత ఊడ్చేటప్పుడు నేనే డబ్బాలో వేశాను."

"చూసి, నోరు మూసుకుని కూర్చున్నారా?"

"నువ్వప్పుడు తిడుతున్నావు. పదకొండు గుండీలు తెచ్చానని. మధ్యలో సందు దొరకలేదు."

"తిట్టడం అయ్యాక చెప్పొచ్చుగా?"

నీళ్ళు నమిలాడు. "కావాలనే పెట్టావేమో అనుకున్నా. అక్కడైతే ఎవరికీ కనిపించదు కదా, బానే ఉందనిపించింది. మొన్న తీసి ఉంచు అన్నాను, నువ్వు తలూపావు. నీకు తెలుసనుకున్నా."

ఈ మనిషిని ఏం చేయాలో మీరే చెప్పండి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాసేపు చేసి, అసలు సంగతికి వచ్చాను.

"ఎన్నో జేబులో పెట్టానో చూశారా?"

"కుడివైపు తెర. కుడి చివర నుంచి తొమ్మిదోది."

నేను కళ్ళు మూసుకుని ఆ రోజు గుర్తు తెచ్చుకున్నాను. కుడివైపు తెరే, అది నిజం. కుడి చివర నుంచే మొదలుపెడతాను, అదీ నిజం. వాషర్ జారినట్టు కూడా లీలగా గుర్తుంది. అది జారగానే, అంటే తిడుతూ తిడుతూ ఆ జేబు మూసేయగానే, రెండో డజను తీగ పటకారుతో తెంపాను. కొత్త తీగ తెంపానంటే పాత తీగ అయిపోయినట్టే.

"తొమ్మిది కాదు, పన్నెండు" అన్నాను.

"నేను చూస్తూనే ఉన్నాను. ఒకటి, రెండు అనుకుంటూనే ఉన్నాను."

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పన్నెండు!"

మామూలుగా ఇలాంటి చోట ఆయన ఊరుకుంటాడు. ఈసారి సీసా పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"రెండూ కలవలేదు" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన చూస్తున్నది నన్ను కాదని. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "హాలుకి తాళం వేశారు. మళ్ళీ వెళ్ళే పని లేదు. రేపు ఇద్దరం కలిసే వెళ్దాం" అన్నాను. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుంటే, గుండీలు పట్టుకుని పట్టుకుని చల్లగా ఉంది.

ఆదివారం పెందలాడే వెళ్ళాం. అప్పటికే కుర్చీలు వేసేశారు, జనం వస్తున్నారు. అధ్యక్షుణ్ణి పక్కకి పిలిచి, పతకం తెర అంచులో ఉందని చెప్పాను. ఆయన ఒక నిమిషం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తేరుకుని, "ఇప్పుడు తెర కోయడం కుదరదు. దానికేముంది, ఉపాయం నా దగ్గరుంది" అని బీరువా తీసి, పిల్లల పరుగుపందేనికి తెప్పించిన పతకం ఒకటి తీశాడు. "ఇదే తగిలిస్తాను. దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది?"

"ఆవిడ దగ్గర నుంచి చూస్తుంది" అన్నాడు మా ఆయన.

"ఏ ఆవిడ?"

మా ఆయన చెయ్యి చూపించలేదు, చూశాడంతే. ముందు వరసలో ఒక సన్నటి ముసలమ్మ కూర్చుని ఉంది. దళసరి కళ్ళజోడు, ఒళ్ళో గుడ్డసంచీ. చెప్పకపోయినా పోల్చుకోగలిగాను, ఎందుకంటే హాల్లో అందరూ పైకప్పు చూస్తుంటే ఆవిడ ఒక్కతే మా ఆయన్ని చూస్తోంది.

సభ మొదలైంది. అధ్యక్షుడు గంటకి కొంచెం తక్కువ మాట్లాడాడు. అందులో మా ఆయన నదిని ఈదాడు, ఎక్కాడు, దూకాడు, ఒక చోట ఎగిరాడు కూడా. ఆఖర్న, "ఒంటరిగా పద్నాలుగు ఫిరంగుల్ని లెక్కపెట్టిన ఈ మహావీరుడు" అంటూ మా ఆయన్ని పైకి పిలిచి, పరుగుపందెం పతకం తీసి ఛాతీ దాకా తెచ్చాడు. మా ఆయన ఆ చెయ్యి పట్టుకుని మెల్లిగా కిందికి దించాడు. మైకు తన వైపు తిప్పుకున్నాడు. అధ్యక్షుడి దగ్గర నుంచి మైకు తీసుకోవడం కూడా సాహసమేనని మా పేటలో అందరికీ తెలుసు.

"ఒంటరిగా కాదు" అన్నాడు. "ఇద్దరం వెళ్ళాం. నా లెక్క పదకొండు. బక్కోడి లెక్క పద్నాలుగు. వాడిదే నిజం. నాది తప్పడం వల్ల రెండోసారి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తుంటే వాడు పోయాడు. ఆచూకీ తెలియకపోవడం కాదు. నా చేతుల్లోనే పోయాడు. నాకిచ్చిన బిళ్ళ వాడిది. నేను దాచుకున్నదల్లా నా తప్పు."

ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు. ముసలమ్మ కదల్లేదు.

మా ఆయన తెర దగ్గరికి నడిచి, కుడి చివర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను కత్తెర తీసుకుని పరుగెత్తాను. వెనకే అధ్యక్షుడు వంగి, "ఒక్కటే! ఒక్కటంటే ఒక్క కోత! రెండోది పడిందా, నేనూరుకోను" అని గుసగుసలాడాడు, కానీ మైకు అప్పటికే మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చేయడం వల్ల అది అందరికీ వినిపించింది.

ఒక్క కోత. అంచు నా చేతిలో ఉంది. తొమ్మిదోది కోసి అందులో వాషర్ వస్తే ఆ ముసలమ్మ ఉత్త చేతులతో వెళ్ళిపోతుంది. పన్నెండోది కోసి వాషర్ వచ్చినా అంతే.

"చెప్పండి" అన్నాను చిన్నగా. "తొమ్మిదా, పన్నెండా?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీ లెక్కే" అన్నాడు.

నాకు కళ్ళు మసకబారాయి. అక్కడికీ ఒకటి నుంచి పన్నెండు దాకా వేళ్ళతో రెండుసార్లు లెక్కపెట్టాను, ఆయన నా చేతినే చూస్తున్నాడు గానీ పెదవి కదపలేదు. కత్తెర పెట్టాను. కుట్టు తెగింది. దూది ఉండ జారి నా ఒళ్ళో పడింది. ఊడదీస్తే ఒకవైపు కత్తి, రెండోవైపు కొమ్మ.

ఆయన దాన్ని పంచె అంచుతో తుడిచి, వేదిక మెట్లు దిగి, అందరి ముందూ నడిచి వెళ్ళి ముసలమ్మ ఎదుట నిలబడ్డాడు. దొడ్డిదారి లేని చోటికి ఆయన నడిచి వెళ్ళడం నేను అదే చూడటం. వెనకే నేనూ వెళ్ళాను. ఆవిడ చెయ్యి చాచింది. ఆయన బిళ్ళ అందులో పెట్టాడు.

ఆవిడ దాన్ని తూకం చూస్తున్నట్టు కాసేపు పట్టుకుంది. "లెక్కల్లో వాడెప్పుడూ తప్పేవాడు కాదు" అంది. "నా పెట్టెలో గుండుసూదులు కూడా లెక్కపెట్టేవాడు. ఒకటి పోతే ఊరుకునేవాడు కాదు."

"అవునక్కా" అన్నాడు మా ఆయన.

"ఇన్నేళ్ళూ రాలేదేం నాయనా?"

"వచ్చానక్కా. మూడుసార్లు వచ్చాను. తలుపు కొట్టలేకపోయాను."

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"మూడు కాదు. నాలుగు."

మా ఆయన తెల్లబోయి చూశాడు. శత్రువులకీ కుక్కలకీ కనపడని మనిషి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు, ఇక్కడ ఆ తలదన్నేది కిటికీ పరదా వెనక కూర్చున్న ఒక అక్క.

"మొదటిసారి సైకిలు మీద వచ్చావు" అంది ఆవిడ వేళ్ళు మడుస్తూ. "రెండోసారి వానలో తడుస్తూ నిలబడ్డావు. మూడోసారి చేతిలో ఏదో పొట్లం ఉంది, అది గోడ మీద పెట్టి మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయావు. నాలుగోసారికి నీ జుట్టు నెరిసింది. మొన్న పేపర్లో బొమ్మ చూడగానే పోల్చుకున్నాను."

"మీరైనా పిలవొచ్చు కదమ్మా!" అన్నాను నేను, ఉండబట్టలేక.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఎలా పిలుస్తానమ్మా? పిలిస్తే మా తమ్ముడు లేడని చెబుతాడు. ఈయన తలుపు కొట్టకుండా వెళ్ళిపోయినప్పుడల్లా, ఇంకా ఉన్నాడులే అనుకుని అన్నం తిన్నాను. ఇక నేనే వెళ్ళిపోయే రోజులొచ్చాయి కాబట్టి, విని వెళ్దామని ఉత్తరం రాశాను." బిళ్ళని గుడ్డసంచీలో వేసుకుని, మా ఆయన చెయ్యి పట్టుకుని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇప్పుడు మొదటి నుంచీ చెప్పు. నెమ్మదిగా చెప్పు."

ఆయన చెప్పబోయి ఆగాడు. ఒక్కో వేలూ మడిచి చూసుకున్నాడు, సైకిలు, వాన, పొట్లం. "మూడే అనుకున్నానక్కా" అన్నాడు.

"నాలుగు" అంది ఆవిడ.

"నాలుగే" అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

నలభై రెండేళ్ళ కాపురంలో మా ఆయన లెక్క తప్పితే నేను ఒక్క మాటా అనకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.